పాత కారు లోపలి ప్లాస్టిక్‌కి, రెక్సిన్‌కి ఊడని రంగు వేయడం

కారు లోపల వేసిన రంగు ఆరు నెలలకే గోరు తగిలి లేచివస్తే అందరూ తిట్టేది డబ్బాని. డబ్బాలో రంగు చాలావరకు బాగానే ఉంటుంది. దాని కింద మిగిలిపోయిన జిడ్డో, మామూలు రంగు పట్టని రకం ప్లాస్టిక్కో అసలు దోషి. కాబట్టి పని లెక్క ముందే చెప్పుకుందాం. స్ప్రే కొట్టడం ఒక పూట. విప్పడం, కడగడం, తోమడం, తుడవడం కలిపి రెండు రోజులు. ఇంత ఓపిక లేకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు, ఎందుకంటే వెలిసిన ప్లాస్టిక్ కంటే పెచ్చులూడిన ప్లాస్టిక్ ఇంకా అసహ్యంగా ఉంటుంది.

వేయకూడని చోట్లు

స్టీరింగ్ మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ మూత, పక్క సీటు ఎదురుగా డాష్‌బోర్డులో ఉండే మూత, ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న, అద్దాల మధ్య స్తంభాలకు తొడిగే పిల్లర్ ట్రిమ్‌లు: వీటి జోలికి వెళ్లకండి. ఆ మూతల్లో ప్లాస్టిక్ కావాలనే పలుచగా ఉంచిన గీత ఒకటి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు మూత ఆ గీత వెంటే చిరగాలి. పైన కొత్త పొర చేరితే చిరిగే తీరు మారవచ్చు, ఎండిన పెచ్చులు ముఖం మీదికి రావచ్చు. మూత రంగు మారదు కాబట్టి మిగతా భాగాల రంగునే దానికి నప్పేలా ఎంచుకోవాలి.

సీటు బెల్టు పట్టీకి ఏ రంగూ పూయకండి, థిన్నర్ తగలనివ్వకండి. దాని బలమంతా ఆ దారాల్లోనే ఉంది. మీటరు మీది పారదర్శక ప్లాస్టిక్ మీద థిన్నర్ చుక్క పడితే చాలు, సాలెగూడులా బీటలు వస్తాయి. స్టీరింగ్ చక్రానికి వేయవచ్చు గానీ చేతి చెమటకీ రాపిడికీ అది ఎక్కువకాలం నిలవదు. మా ఓటు వద్దనే.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే, బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగాలో ఆ కారు మాన్యువల్లో ఉంటుంది. అంతసేపూ ఆగండి. సాధారణంగా పసుపు రంగులో ఉండే ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లను ముట్టుకోవాల్సిన అవసరం ఈ పనిలో దాదాపు రాదు.

డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు పలక) స్క్రూలు ఆర్మ్‌రెస్ట్ అడుగునా, లోపలి హ్యాండిల్ గిన్నెలోనూ, చిన్న ప్లాస్టిక్ మూతల కిందా దాక్కుని ఉంటాయి. చేత్తో తిప్పే కిటికీ అయితే హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. హ్యాండిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య పాత గుడ్డ పీలిక దూర్చి అటూ ఇటూ బూటు పాలిష్ చేసినట్టు లాగితే క్లిప్ ఎగిరి బయటపడుతుంది. ఎటు ఎగురుతుందో చూస్తూ ఉండండి, లేకపోతే ఆ సాయంత్రమంతా దాన్ని వెతకడమే సరిపోతుంది.

స్క్రూలన్నీ తీశాక ప్యాడ్ అంచు కింద ప్లాస్టిక్ పట్టీ దూర్చి, క్లిప్ ఉన్న చోటే, దాని పక్కనుంచే ఎత్తండి. రెండు క్లిప్పుల మధ్య పట్టుకుని లాగితే క్లిప్ రాదు, ప్యాడ్ చిరుగుతుంది. పాత నైలాన్ క్లిప్పులు చలిలో పెళుసుగా ఉంటాయి, హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చచేస్తే తక్కువ విరుగుతాయి. అయినా కొన్ని విరుగుతాయి, ముందే డజను కొత్తవి తెచ్చిపెట్టుకోండి. ప్యాడ్ వెనక తలుపుకి అంటించిన పాలిథిన్ షీటును చింపకండి, వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే.

డాష్‌బోర్డు సంగతి వేరు. మొత్తం ఊడదీయడం పెద్ద పని. చాలామంది అక్కడే ఉంచి చుట్టూ మాస్కింగ్ చేసి వేస్తారు. అలా చేస్తే ముందు అద్దం, ఏసీ రంధ్రాలు, మీటరు, సీట్లు, నేల అన్నీ కప్పాలి. స్ప్రే పొడి గాలిలో తేలి మీరు ఊహించని చోట దిగుతుంది. విడిగా ఊడే ముక్క ఏదైనా సరే, విప్పి బయటే వేయండి.

వెనక్కి తిప్పి ప్లాస్టిక్ పేరు చదవండి

విప్పిన ముక్క వెనక రెండు బాణం ముక్కుల మధ్య కొన్ని అక్షరాలు అచ్చువేసి ఉంటాయి: >ఏబీఎస్<, >పీపీ<, >పీవీసీ<, >పీసీ+ఏబీఎస్<, ఇలా. మీరు ఏం కొనాలో చెప్పేది ఇదే. ఏబీఎస్, పీసీ+ఏబీఎస్, పీవీసీ మీద మంచి ట్రిమ్ రంగు (కారు లోపలి భాగాల కోసం చేసినది) నేరుగా పట్టుకుంటుంది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్, అలా కాదు. దాని ఉపరితలం మైనం లాంటిది. రంగు దాని మీద కూర్చుంటుందే గానీ లోపలికి కరవదు. కింద అడ్హీషన్ ప్రమోటర్, అంటే రంగు పట్టేలా ముందుగా కొట్టే పలుచని పూత, తప్పనిసరి. పీపీ+ఈపీడీఎం (రబ్బరు కలిపిన పీపీ) అని రాసి ఉన్నా అంతే. కారు లోపల డోర్ కింది భాగాలు, పిల్లర్ ట్రిమ్‌లు, సీటు పక్క మూతలు తరచుగా పీపీవే.

చాలా పాత కార్లలో ఈ గుర్తే ఉండకపోవచ్చు. అప్పుడు రెండు పరీక్షలు. వెనకవైపు కనిపించని అంచునుంచి చిన్న తునక గీకి నీళ్లలో వేయండి. పీపీ సాంద్రత 0.90 దగ్గర, నీటికంటే తేలిక, తేలుతుంది. ఏబీఎస్ 1.04 దగ్గర, మునుగుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. గట్టిదనం కోసం టాల్క్ పొడి 20 శాతం కలిపిన పీపీ కూడా నీటికంటే బరువై మునిగిపోతుంది. అంటే తేలితే పీపీ అని నమ్మవచ్చు, మునిగితే ఏబీఎస్ అని నమ్మకూడదు. అప్పుడు రెండో పరీక్ష: వెనకవైపు 320 నంబరు ఎమెరీ పేపర్‌తో పొడిగా నాలుగుసార్లు రుద్దండి. ఏబీఎస్ పొడిగా రాలుతుంది. పీపీ రాలదు, నూగు లేస్తుంది, కాగితానికి మైనంలా అంటుకుంటుంది. అప్పటికీ ఏదో తెలియకపోతే పీపీ అనుకునే పని చేయండి. ఏబీఎస్ మీద పలుచగా ప్రమోటర్ వేసినా పెద్దగా నష్టం లేదు, పీపీ మీద వేయకపోతే పనంతా పోయినట్టే.

చేతికి జిగటగా అంటుకునే మెత్తటి పూత ఉన్న ముక్కలు ఇంకో రకం. అది ఫ్యాక్టరీలో వేసిన రబ్బరు లాంటి పొర. తేమకూ వయసుకూ కుళ్లి బంకలా మారుతుంది. దాని మీద రంగు వేస్తే బంక మీద వేసినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డను కాసేపు కప్పి ఉంచి, ప్లాస్టిక్ పట్టీతో గీకి, కింది గట్టి ప్లాస్టిక్ కనిపించేదాకా తీసేయండి.

కడగడం: అసలు పని ఇదే

పాత కారు లోపలి భాగాల మీద ఏళ్ల తరబడి డాష్‌బోర్డు పాలిష్ పూసి ఉంటారు. మెరుపు పాలిష్‌లలో చాలావాటిలో సిలికోన్ నూనె ఉంటుంది. ప్లాస్టిక్ మీది గరుకు సందుల్లో, రెక్సిన్ కుట్లలో అది దాక్కుంటుంది. దాని మీద రంగు కొడితే ఏమవుతుందో దగ్గరగా చూడండి. తడి రంగు సమంగా పరుచుకున్నట్టే ఉంటుంది, రెండు సెకన్లలో ఒకచోట చిన్న చుక్కంత మేర రంగు చుట్టూరా వెనక్కి జరుగుతుంది. మధ్యలో పాత ప్లాస్టిక్, చుట్టూ ఉబ్బిన అంచు, అచ్చంగా చేపకన్ను. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అనేది అందుకే. సిలికోన్ ఉపరితల తన్యత రంగు కంటే తక్కువ, అందుకే రంగు దాని మీద నిలబడలేక తప్పుకుంటుంది. ఇంకో కోటు వేస్తే పూడుతుందనుకుంటారు, పూడదు. అంచు ఇంకా లావవుతుంది.

తీసే క్రమం ఇది. మొదట గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నైలాన్ బ్రష్‌తో గరుకు సందుల్లోకి దిగేలా తోమి కడగండి. ఇది మట్టినీ మామూలు జిడ్డునీ తీస్తుంది, సిలికోన్‌ని పూర్తిగా తీయదు. ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడవాలి. ఇక్కడ రెండు గుడ్డల పద్ధతి తప్పనిసరి: ఒక గుడ్డ తడిపి ఒక అడుగు మేర పూయండి, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయండి. ఒకే గుడ్డతో తుడిస్తే కరిగిన సిలికోన్‌ని ముక్కంతా పంచినట్టే. గుడ్డ మడత మారుస్తూ ఉండండి, ఒక డోర్ ప్యాడ్‌కి నాలుగైదు శుభ్రమైన గుడ్డలు పడతాయి. బట్టల ఉతుకులో వాడే సాఫ్ట్‌నర్ తగిలిన గుడ్డలు వాడవద్దు, దాని జిడ్డు మళ్లీ ప్లాస్టిక్‌కి అంటుతుంది.

తర్వాత బూడిదరంగు స్కాచ్‌బ్రైట్‌ని సబ్బునీళ్లలో ముంచి ముక్కంతా తేలికగా రుద్దండి. మెరుపు పోయి మసకగా కనిపిస్తే చాలు. ఎర్ర స్కాచ్‌బ్రైట్ ముతక, గీతలు రంగులోంచి కనిపిస్తాయి. ఎండకు పాడైన ప్లాస్టిక్ పైన సుద్దపొడి లాంటి పొర ఉంటుంది, రుద్దేకొద్దీ నీళ్లు పాలలా తెల్లబడతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపకండి. ఆ సుద్ద మిగిలితే రంగు సుద్దని పట్టుకుంటుంది, సుద్ద ప్లాస్టిక్‌ని వదిలేస్తుంది.

పాత కార్ల డోర్ ప్యాడ్ వెనక తరచుగా హార్డ్‌బోర్డు ఉంటుంది, అంటే అదిమిన చెక్కపొట్టు అట్ట. దాన్ని కుళాయి కింద పెట్టి కడిగితే ఉబ్బి వంకర తిరుగుతుంది, క్లిప్ రంధ్రాలు చీలిపోతాయి. అలాంటివాటిని పిండిన తడి గుడ్డతోనే, వెనకవైపు తడవకుండా శుభ్రం చేయాలి.

కడిగాక చివరిసారి శుభ్రమైన నీళ్లు పోసి చూడండి. ఒకచోట నీళ్లు పరుచుకుని, పక్కనే గుండ్రటి బిందువులుగా దూరంగా జరిగితే ఆ మచ్చ దగ్గర జిడ్డు ఉంది. పీపీ మీద మాత్రం ఈ పరీక్ష పూర్తిగా నమ్మకండి, శుభ్రంగా ఉన్నా నీళ్లు బిందువులే కడతాయి. ఆరాక చేతులు తగలనీయకుండా, నైట్రైల్ గ్లవ్స్‌తోనే పట్టుకోండి.

గీతలు, చీలికలు

ఏబీఎస్ పగులుని అదే ప్లాస్టిక్ తునకల్ని అసిటోన్‌లో నానబెట్టి చేసిన చిక్కటి పేస్టుతో అతకవచ్చు. వెనకవైపునుంచి పూయండి, ఒక రాత్రి ఆరనివ్వండి. పీపీ అసిటోన్‌లో కరగదు, కాబట్టి ఈ పేస్టు దానికి పనికిరాదు. వేడి తీగ పిన్నులు గుచ్చే పరికరంతోగానీ ప్లాస్టిక్ వెల్డింగ్‌తోగానీ చేయాలి.

గీతల విషయంలో ఆశ తగ్గించుకోండి. కారు ప్లాస్టిక్ మీద తోలు గరుకు అచ్చు ఉంటుంది. లప్పం పెట్టి ఎమెరీ కొడితే గీత పోతుంది, దానితోపాటు ఆ గరుకూ పోయి, నున్నటి మచ్చ ఒకటి దూరంనుంచే కనిపిస్తుంది. చిన్న గీతని అలాగే వదిలేయడం మంచిది, మ్యాట్ (మెరుపు లేని) రంగు కింద సగం దానంతట అదే మాయమవుతుంది. లావుపాటి ఫిల్లర్ ప్రైమర్ కూడా ఇదే కారణంగా వద్దు.

రంగు ఎంచుకోవడం

ప్లాస్టిక్, వినైల్ (రెక్సిన్ రకం) కోసం తయారుచేసిన ట్రిమ్ రంగే తీసుకోండి. డబ్బా మీద డై అని రాసి ఉన్నా అది నిజానికి బట్టకు వేసే డై కాదు, వంగే గుణం ఉన్న పలుచని పెయింటే. బాడీ మీద వేసే మామూలు ఎనామెల్ రెక్సిన్ మీద ఎండి, మొదటి చలికాలంలోనే పగిలిపోతుంది.

డాష్‌బోర్డు పైభాగానికి మ్యాట్ తప్ప ఏదీ వద్దు. మెరుపు ఉంటే ఎండలో దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి రోడ్డు కనపడదు. లేత రంగుకీ ఇదే ఇబ్బంది. పాత రంగుకు మ్యాచ్ చేయాలంటే ఎండ తగలని చోట, ఉదాహరణకు గ్లవ్ బాక్స్ లోపలి అంచుతో పోల్చండి. అదే రంగు మ్యాట్‌లో ఒకలా, సెమీగ్లాస్‌లో ఇంకోలా కనిపిస్తుంది, కాబట్టి డబ్బా మూత రంగు చూసి కొనకుండా ఒక తునక మీద కొట్టి, ఆరాక, పగటి వెలుతురులో చూడండి. నల్లటి ప్లాస్టిక్‌ని లేత గోధుమరంగు చేయాలనుకునేవాళ్లకు ఒక మాట: పడిన ప్రతి గీతలోనూ కింది నలుపు బయటపడుతుంది. ముదురువైపు వెళ్లడం సులువు.

340 గ్రాముల డబ్బా మూడు పలుచని కోట్లకు దాదాపు ఒక డోర్ ప్యాడ్‌కి సరిపోతుందని లెక్క వేసుకోండి. అవసరమైన దానికంటే ఒకటి ఎక్కువ, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి కొనండి.

ముందు ఒక ముక్క మీద పరీక్ష

కనిపించని చోట పూర్తి పద్ధతిలో వేసి 24 గంటలు ఆరనివ్వండి. తర్వాత పదునైన బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంలో ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఇంకో ఆరు గీసి, గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు ఊడివస్తే టేపు మీద చూడండి. రంగు వెనకవైపు శుభ్రంగా, నున్నగా ఉంటే కింది ప్లాస్టిక్ పట్టనివ్వలేదు, ప్రమోటర్ కావాలి. సుద్దపొడి అంటుకుని ఉంటే రుద్దడం సరిపోలేదు.

కొట్టడం

వేడి 20 నుంచి 30 డిగ్రీలు, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. వాన రోజున వేస్తే రంగు మీద పాలపొగ లాంటి తెలుపు వస్తుంది, థిన్నర్ ఆవిరవుతూ చల్లబడిన పొర మీద గాలిలోని తేమ చేరడమే దానికి కారణం. ఎండలో వేస్తే రంగు దారిలోనే ఆరి ఇసుకలా గరుగ్గా పడుతుంది. మూసిన కారులో ఎప్పుడూ కొట్టకండి. ఆ ఆవిరి గాలికంటే బరువు, కింద చేరుతుంది, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ముక్కుకి దుమ్ము మాస్కు చాలదు, థిన్నర్ ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

డబ్బా చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. వేడినీళ్లు వద్దు, 50 డిగ్రీలు దాటితే పగలవచ్చు. లోపలి గోళీ కదిలిన శబ్దం వచ్చాక ఇంకో రెండు నిమిషాలు కుదపండి. మ్యాట్ చేసే పొడి అడుగున పేరుకుని ఉంటుంది, కుదపకపోతే మొదటి ముక్క మెరుస్తుంది, చివరి ముక్క సుద్దలా ఉంటుంది.

పీపీ అయితే ముందు ప్రమోటర్ ఒకటి లేదా రెండు పలుచని కోట్లు. లావుగా వేస్తే పైన రంగు మెత్తగానే ఉండిపోతుంది. తర్వాత రంగు ఎంతసేపట్లో వేయాలో డబ్బా మీద ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 30 నిమిషాలు. ఆ గడువు దాటితే దాని ఫలితం పోతుంది.

రంగు మొదటి కోటు చిలకరింపే. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, ముక్క అంచుకు బయట నొక్కడం మొదలుపెట్టి, సెకనుకు ఒక అడుగు చొప్పున జరుపుతూ, అవతలి అంచు దాటాక వదలండి. ముక్క చుక్కలు చుక్కలుగా, కింది రంగు సగం కనిపిస్తూ ఉండాలి. చూడ్డానికి వికారంగా ఉంటుంది, చేయి ఊరుకోదు, ఇంకాస్త కొడదామనిపిస్తుంది. ఊరుకోండి. తర్వాతి కోట్లకు పట్టు ఇచ్చేది ఈ చిలకరింపే. పది నిమిషాలాగి రెండో కోటు, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా. మళ్లీ పది నిమిషాలకు మూడోది, అడ్డంగా కాకుండా నిలువుగా. రంగు మారుస్తుంటే నాలుగోది. గరుకు అచ్చు స్పష్టంగా కనిపిస్తూ ఉండగానే ఆపాలి, సందులు పూడితే ప్లాస్టిక్ బొమ్మలా అవుతుంది.

స్పీకర్ జాలీకి ఎదురుగా కాకుండా నాలుగు వైపులనుంచి ఏటవాలుగా కొట్టండి, లేకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి. ఏసీ రెక్కల్ని కోటుకూ కోటుకూ మధ్య కదుపుతూ ఉండండి. కారినచోట తడిగా ఉండగా వేలు పెట్టకండి. ఒక రోజు ఆరనిచ్చి, 800 నంబరు పేపర్‌తో నీళ్లు వేసి సమం చేసి, ఆ ముక్కంతటికీ ఒక కోటు ఇవ్వండి. ఫిష్ ఐ కనిపిస్తే వెంటనే ఆపండి. ఆరాక రుద్ది, రిమూవర్‌తో తుడిచి మళ్లీ మొదటి కోటునుంచి రావాల్సిందే.

రెక్సిన్ మీద

మెత్తగా ఉన్న రెక్సిన్ చక్కగా రంగు తీసుకుంటుంది. థిన్నర్ దాని పైపొరను కాస్త మెత్తబరుస్తుంది, రంగు దానితో కలిసి ఎండుతుంది. అందుకే ఇక్కడ కోట్లు ఇంకా పలుచగా ఉండాలి, లావైతే మడత దగ్గర పగులుతుంది. మడతలున్న చోట రెక్సిన్‌ని లాగి పట్టి కొట్టండి, లోపలి పాత రంగు తర్వాత గీతగా బయటపడదు. గట్టిపడి అట్టలా మారిన రెక్సిన్‌కి రంగు మందు కాదు. దానిలోని మెత్తదనమిచ్చే నూనె ఆవిరైపోయింది, తిరిగి రాదు, కొత్తది కుట్టించాల్సిందే. ఎన్నిసార్లు తుడిచినా మర్నాటికి మళ్లీ జిగట వచ్చేదానిలో ఆ నూనె ఇంకా పైకి ఊరుతోంది. దాని మీద రంగు ఎప్పటికీ పూర్తిగా ఎండదు.

క్లియర్ కోటు, అంటే రంగు పైన వేసే పారదర్శక పూత, అన్నిటికీ అవసరం లేదు. చేయి పడే ఆర్మ్‌రెస్ట్ గట్టి భాగం, డోర్ లాగే పిడి, గేర్ చుట్టూ ఉండే కన్సోల్, వీటికి మ్యాట్ క్లియర్ ఒక పలుచని కోటు చాలు. మెత్తటి రెక్సిన్ మీద వేయకండి, పగులుతుంది. రెండు భాగాలు కలిపే రకం క్లియర్‌లలో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం, తగిన రక్షణ లేకుండా ఆ డబ్బా తెరవవద్దు.

ఆరడం, బిగించడం

అరగంటలో ముట్టుకుంటే అంటదు, కానీ గోరు పెడితే గుర్తు పడుతుంది. 24 గంటల ముందు బిగించవద్దు. మాస్కింగ్ టేపును మాత్రం చివరి కోటు వేసిన పావుగంటకే, తనమీదికే మడుస్తూ మెల్లగా తీయండి, పూర్తిగా ఎండాక తీస్తే అంచు చిరిగివస్తుంది. బిగించేటప్పుడు ప్యాడ్ మీద గుద్దకండి. ప్రతి క్లిప్ రంధ్రం ఎదురుగా వచ్చిందో లేదో చూసి అరచేత్తో నొక్కండి. స్క్రూ తలకింద రంగు చిట్లకుండా సన్నటి వాషర్ వేయవచ్చు.

మొదటి వారం ఏ క్లీనరూ వద్దు. ఆ తర్వాత కూడా పిండిన తడి గుడ్డ, రెండు చుక్కల తేలికపాటి సబ్బు చాలు. మెరుపు పాలిష్ మళ్లీ పూస్తే రేపు చిన్న టచప్ కోసం మళ్లీ రెండు రోజులు సిలికోన్ తోమాలి. ఆ టచప్ కోసం మిగిలిన డబ్బాని తలకిందులు చేసి, రంగు రావడం ఆగి గ్యాస్ మాత్రమే వచ్చేదాకా నొక్కి, నాజిల్ శుభ్రంచేసి పెట్టుకోండి. చిన్న గీత పడినప్పుడు మూతలోకి కాస్త కొట్టి, సన్నటి బ్రష్ కొసతో అద్దితే సరిపోతుంది.